బావ ఐఫోన్‌ని మళ్లీ పాత వెర్షన్‌కి తేగలనా?

ప్రశ్న: గాజువాక నుంచి 26 ఏళ్ల పాఠకుడొకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పని. ఇంట్లో, వీధిలో ఎవరి ఫోన్‌కి ఏమొచ్చినా చూసిపెట్టేది ఆయనే. వాళ్ల బావ, అంటే అక్క భర్త, ఫిషింగ్ హార్బర్‌లో చేపల కమీషన్ వ్యాపారం చేస్తారు. బోటు యజమానులతో రేట్లు, అడ్వాన్సులు, బాకీలు అన్నీ ఫోన్ మాటల మీదే నడుస్తాయి. రేపు ఎవరైనా మాట మారిస్తే రుజువుగా ఉంటుందని ఆయన తన ఐఫోన్ ఎక్స్ఆర్‌ని ఐఓఎస్ (ఐఫోన్‌ని నడిపే సిస్టమ్) 16.5 వెర్షన్ దాటనివ్వకుండా ఆపుకుని, డోపమైన్ అనే టూల్‌తో జైల్‌బ్రేక్ చేయించుకుని, అంటే యాపిల్ పెట్టిన కట్టడిని తెంచి, దాని మీద నడిచే కాల్ రికార్డింగ్ ట్వీక్ (సిస్టమ్‌ని మార్చే చిన్న ప్రోగ్రామ్) వాడుతూ వచ్చారు.

ఒక రాత్రి స్టోరేజీ నిండిపోయి ఫోన్ యాపిల్ గుర్తు దగ్గరే ఆగిపోయింది. తెల్లవారుజామున వేలానికి ఫోన్ కావాలని బావ తొందరపెడితే, ఈయన లాప్‌టాప్‌కి కలిపి ఐట్యూన్స్‌లో రీస్టోర్ నొక్కారు. ఫోన్ లేచింది, కానీ ఐఓఎస్ 18లోకి వెళ్లిపోయింది. జైల్‌బ్రేక్ పోయింది, రికార్డింగులూ పోయాయి. 16.5 ఫైల్ వెతికి దించుకుని ఎక్కించబోతే, ఈ ఫోన్‌కి ఆ బిల్డ్ కుదరదంటూ 3194 నంబరు ఎర్రర్ వచ్చింది. "ఫైల్ యాపిల్‌దే కదా, ఎందుకు ఒప్పుకోదు? సైడ్‌లోడ్‌లీ అనే టూల్‌లో బయటి యాప్‌లను నా యాపిల్ ఐడీతో సైన్ చేస్తున్నాను కదా, దీన్నీ అలా చేయలేనా?" అని అడుగుతున్నారు. బావ పాత మెయిల్‌లో ఎస్‌హెచ్‌ఎస్‌హెచ్2 అనే చిన్న ఫైల్ కూడా దొరికిందట. జగదాంబ జంక్షన్ దగ్గర రిపేరు షాపాయన 4,000 ఇస్తే పాత వెర్షన్‌కి దించుతానంటున్నారు, ఐఫోన్ 4 మోడల్ ఉన్న కాలం నుంచీ ఇదే పని అంటున్నారు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. ఆ రెండు నెలల్లోనే బావ పాత లెక్కలన్నీ తేల్చుకుంటారు. "పాతది తెచ్చిపెట్టు, లేదంటే ఫోన్ కొనిపెట్టు" అని చెప్పి రెండు వారాలుగా మాట్లాడటం మానేశారు. అక్క మధ్యలో నలిగిపోతోంది. "తప్పంతా నాదేనా? 4,000 ఇచ్చేయమంటారా?"

సమాధానం: ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అది ఈ వారంలోనే మీ చేతిలోంచి జారిపోయేలా ఉంది. ఇవ్వకండి. 18లోకి వెళ్లిపోయిన ఎక్స్ఆర్‌ని 16.5కి దించడం ఆ షాపాయన వల్ల కాదు, ఇంకొకరి వల్లా కాదు. ఎందుకు కాదో మీకు పూర్తిగా అర్థం కావాలి. అర్థమైతేనే బావ ముందు తడబడకుండా చెప్పగలుగుతారు.

ఇంకో మాట. మీ ఉత్తరంలో రెండు నష్టాలు కలిసిపోయాయి. వెర్షన్ పోవడం వేరు, రికార్డింగులు పోవడం వేరు. బావ కోపం రెండోదాని మీద. మీరు రెండు వారాలుగా కుస్తీ పడుతున్నది మొదటిదానితో. రేపు ఏదో మహిమతో 16.5 తిరిగి వచ్చినా ఆ పాత రికార్డింగుల్లో ఒక్కటి కూడా దానితో రాదు. ఈ సంగతి మీరు, బావ ఇద్దరూ ఒప్పుకున్నాకే మిగతా మాటలకు అర్థం ఉంటుంది.

ఇక మీ ప్రశ్న. మీరు దించుకున్న 16.5 ఫైల్‌ని ఐపీఎస్‌డబ్ల్యూ అంటారు, అందులో ఉన్నది సరుకు మాత్రమే. దాన్ని ఫలానా ఫోన్‌లోకి దించడానికి విడిగా అనుమతి కావాలి, అది ఆ ఫైల్‌లో ఉండదు. మీరు రీస్టోర్ నొక్కిన ప్రతిసారీ ఐట్యూన్స్ ఫోన్‌ని కొన్ని వివరాలు అడుగుతుంది: చిప్ ఏది, బోర్డు ఏది, ఈసీఐడీ ఎంత. ఈసీఐడీ ఆ ఒక్క చిప్‌కే ఉండే నంబరు. వీటితోపాటు ఫోన్ ప్రతిసారీ మారే ఒక అంకెల వరస కూడా ఇస్తుంది, దాన్ని నాన్స్ అంటారు. ఇవన్నీ, దించబోయే వెర్షన్‌లోని ఒక్కో భాగం తాలూకు హ్యాష్‌లతో (వేలిముద్రల్లాంటి అంకెలతో) కలిపి, యాపిల్ సంతకాల సర్వర్‌కి వెళ్తాయి. ఆ రోజుకి ఆ వెర్షన్‌ని ఒప్పుకుంటుంటే సర్వర్ సంతకం చేసి ఒక టికెట్ తిరిగి పంపుతుంది. బ్లాబ్ అనేది దాన్నే. ఒప్పుకోకపోతే మీకు కనిపించిన 3194 వస్తుంది.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ గుర్తుచేసుకోండి. దాని మీద పేరుంటుంది, లైన్లో ఆధార్ చూస్తారు, ఏ రోజు ఎన్ని గంటలకో రాసి ఉంటుంది. మీ టికెట్‌తో మీ తమ్ముడు వెళ్లలేడు. నిన్నటి టికెట్‌తో ఇవాళ మీరూ వెళ్లలేరు. ఇక్కడ ఈసీఐడీ ఆధార్ లాంటిది, నాన్స్ ఆ గంట లాంటిది.

ఈ టికెట్‌ని తనిఖీ చేసేది ఐట్యూన్స్ కాదు, ఫోనే. ఎక్స్ఆర్‌లో ఉన్నది ఏ12 చిప్. అందులో బూట్‌రామ్ అనే చిన్న ప్రోగ్రామ్ చిప్ తయారైనప్పుడే అచ్చయి ఉంటుంది, ఆ తర్వాత యాపిల్ కూడా దాన్ని మార్చలేదు. సంతకం అసలుదా కాదా అని పోల్చే కీ అందులోనే ఉంటుంది. బూట్‌రామ్ తన తర్వాత నడిచే ఐబూట్‌ని తనిఖీ చేస్తుంది, ఐబూట్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని తనిఖీ చేస్తుంది. ఒక్క బైటు తేడా వచ్చినా అక్కడే ఆగిపోతుంది. కాబట్టి లాప్‌టాప్ మార్చినా, టూల్ మార్చినా ఫలితం ఉండదు. కాపలా ఉన్నది చిప్‌లో.

సైడ్‌లోడ్‌లీలో మీరు చేసే సైన్ దీనికి సంబంధించింది కాదు. అది ఒక యాప్‌ని మీ ఐడీ పేరు మీద ఆ ఫోన్‌లో నడవనివ్వడం. ఉచిత ఐడీతో 7 రోజులు నడుస్తుంది, ఒకేసారి 3 యాప్‌లు, అంతే. సిస్టమ్ మీద పెట్టే సంతకానికి ప్రైవేట్ కీ యాపిల్ దగ్గర తప్ప ఎక్కడా లేదు. రెండింటినీ సైనింగ్ అనే పిలవడం వల్ల చాలామంది మీలాగే తికమక పడతారు.

16.5 సంగతికి వద్దాం. అది 2023 మే 18న విడుదలైంది. జూన్ 21న 16.5.1 వచ్చింది, ఆ తర్వాత ఎక్కువ కాలం గడవకుండానే 16.5కి సంతకం ఆపేశారు. 16.5 మీద పనిచేసే డోపమైన్ 2 బయటికొచ్చిందేమో 2024లో. అంటే జైల్‌బ్రేక్ చేతికొచ్చేసరికి ఆ వెర్షన్‌కి వెళ్లే తలుపు మూసుకుని నెలలు గడిచాయి. అప్పటికే లోపల ఉండిపోయినవాళ్లకే అది దక్కింది, బావ అలా ఉండిపోయినవారిలో ఒకరు. సంతకం ఆపేసినంత మాత్రాన నడుస్తున్న ఫోన్ ఆగదు. ఎక్కించేటప్పుడు తీసుకున్న టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, రోజూ ఆన్ అయ్యేటప్పుడు దాన్నే చూసుకుంటుంది, సర్వర్‌ని అడగదు, నాన్స్ కూడా అడగదు. అందుకే బావ ఫోన్ అన్నాళ్లు నిక్షేపంగా నడిచింది. కానీ రీస్టోర్ నొక్కిన క్షణాన కొత్త టికెట్ కావాల్సి వచ్చింది, ఆ రోజు సర్వర్ ఇచ్చే టికెట్ 18ది ఒక్కటే.

జైల్‌బ్రేక్ చేసేవాళ్లకు ఈ సంతకాల గొడవ ఎందుకంత ముఖ్యమో ఇక్కడే ఉంది. జైల్‌బ్రేక్ నిలబడేది ఆ వెర్షన్‌లో ఉన్న ఒక లోపం మీద. తర్వాతి అప్‌డేట్‌లో ఆ లోపాన్ని పూడుస్తారు, సంతకం ఆపి వెనక్కి దారి మూస్తారు. కంపెనీ వైపు నుంచి చూస్తే దీనికి బలమైన కారణమే ఉంది: దొంగిలించిన ఫోన్‌లోకి లోపం ఉన్న పాత వెర్షన్ దించి, ఆ సందులోంచి దూరే వీలు ఎవరికీ ఉండకూడదు. ఆ రక్షణ మనకీ కావాలి. కాకపోతే డబ్బు పెట్టి కొన్న మనిషి తన ఫోన్‌లో ఏ వెర్షన్ ఉండాలో తనే తేల్చుకునే హక్కు కూడా దాంతోపాటే పోతోంది. యజమాని పాస్‌కోడ్ కొట్టి ఒప్పుకుంటే వెనక్కి వెళ్లనిచ్చే ఏర్పాటు ఒకటి ఉండాల్సింది, లేదు.

మీ దగ్గరున్న ఎస్‌హెచ్‌ఎస్‌హెచ్2 ఫైల్, అంటే ఎప్పుడో దాచిన బ్లాబ్, దాని మీద ఆశ పెట్టుకున్నట్టున్నారు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్స్ఎంఎల్ కనిపిస్తుంది. అందులో జనరేటర్ అనే మాట, దాని కింద 0ఎక్స్‌తో మొదలై 16 అక్షరాలున్న విలువ ఉందేమో చూడండి. నాన్స్ పుట్టేది ఆ జనరేటర్ నుంచే. అది లేకపోతే ఆ ఫైల్‌ని అక్కడితో మర్చిపోవచ్చు. ఉన్నా సరిపోదు. ఏ12 నుంచీ జనరేటర్‌కి ఆ ఫోన్ లోపలి రహస్య కీ కూడా కలిపి నాన్స్ తయారుచేస్తారు, అందువల్ల ఒకే జనరేటర్ పెట్టినా ఒక్కో ఫోన్‌లో ఒక్కో నాన్స్ వస్తుంది. ఆ బ్లాబ్‌ని బావ ఫోన్ నుంచి నాన్స్ చదివి దాచి ఉంటేనే పనికొస్తుంది. ఈసీఐడీ ఒక్కటే ఇచ్చి ఏదో వెబ్‌సైట్‌లో దాచి ఉంటే పేరు సరిపోతుంది, గంట సరిపోదు.

సరిగ్గానే దాచారనుకుందాం. అప్పుడు ఫోన్‌లో అదే జనరేటర్‌ని ముందుగా పెట్టాలి. దానికి ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌లో జైల్‌బ్రేక్ స్థాయి హక్కులు కావాలి, 18లో ఫోన్ మామూలు స్థితిలో ఉంది గనక అవి మీ చేతిలో లేవు. దాన్ని కూడా దాటారనుకుంటే సెప్ అడ్డొస్తుంది. పాస్‌కోడ్, ఫేస్ ఐడీ, డేటా తాళాలు చూసుకునే సెక్యూర్ ఎన్‌క్లేవ్‌కి సొంత ఫర్మ్‌వేర్ ఉంది, సొంత నాన్స్ ఉంది, దాన్ని బయటినుంచి పెట్టే వీల్లేదు. కాబట్టి ఇవాళ సంతకం దొరికే సెప్ మాత్రమే ఎక్కుతుంది. 18 తాలూకు సెప్ 16.5తో కలిసి పనిచేయదు. పైగా ఐఓఎస్ 16 నుంచి సిస్టమ్‌లో కొంత భాగాన్ని క్రిప్టెక్స్ పేరుతో వేరు చేసి దానికీ మరో నాన్స్ తగిలించారు. దాచిన బ్లాబ్‌తో పాత వెర్షన్ ఎక్కించే ఫ్యూచర్‌రీస్టోర్ లాంటి టూల్స్ ఒకప్పుడు చేసిన పని ఇప్పుడు ఇలాంటి ఫోన్లలో సాగకపోవడానికి కారణం ఇదే.

షాపాయన మాటలో పూర్తి అబద్ధం లేకపోవచ్చు. ఈసీఐడీ పద్ధతి 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది. అప్పటి టికెట్ మీద పేరుండేది గానీ గంట ఉండేది కాదు. ఒకసారి దాచుకుంటే ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. జైల్‌బ్రేక్ ఫోన్లకు యాప్ స్టోర్ లాంటి సిడియాని నడిపిన సౌరిక్ తన సర్వర్‌లో అందరి టికెట్లూ దాచిపెట్టేవాడు, ఏ సర్వర్ పేరు ఎక్కడికి వెళ్లాలో కంప్యూటర్‌కి చెప్పే హోస్ట్స్ ఫైల్‌లో ఒక లైను మార్చి ఐట్యూన్స్‌ని అక్కడికి మళ్లించేవాళ్లు. 2011 అక్టోబరులో వచ్చిన ఐఓఎస్ 5తో టికెట్‌లోకి నాన్స్ చేరింది. ఐఫోన్ 4కి మాత్రం బూట్‌రామ్‌లోనే లోపం ఉంది, అందుకని దాచిన టికెట్లతో ఆ తర్వాత కూడా పాత వెర్షన్లు ఎక్కేవి. ఆయన చేతిలో అప్పుడు పని అయింది, ఆ నమ్మకం అలా ఉండిపోయింది. మీ లాప్‌టాప్‌లో కూడా ఎప్పుడో ఎవరో మార్చిన ఆ లైను మిగిలి ఉందేమో చూడండి: విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లలోకి వెళ్లి హోస్ట్స్ ఫైల్ తెరిచి, యాపిల్ సంతకాల సర్వర్ పేరున్న లైను ఉంటే తీసేయండి. అది ఉంటే కొత్త వెర్షన్ రీస్టోర్‌కి కూడా 3194 వస్తుంది.

బావ అంతకీ వినకుండా షాపుకే వెళ్దామంటే అడ్డుపడకండి, వెంట వెళ్లండి. జనరేటర్ ఎలా పెడతారు, సెప్ ఏ వెర్షన్‌ది వాడతారు అని రెండే ప్రశ్నలు అడగండి. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ తెరిచి 16.5, బిల్డ్ 20ఎఫ్66 అని చూశాకే డబ్బు, అడ్వాన్సు లేదు అనండి. యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. మామూలుగా జరిగేదేమంటే, ప్రయత్నం సగంలో చెడి ఫోన్ కేబుల్ బొమ్మ చూపిస్తూ రికవరీలో నిలబడిపోతుంది. దాన్ని లేపాలంటే మళ్లీ 18 ఎక్కించాలి, ఈ రెండు వారాల్లో చేరిన డేటా కూడా పోతుంది. కాబట్టి షాపు మెట్లెక్కే ముందు పూర్తి బ్యాకప్ తీయడం మర్చిపోకండి.

తప్పెవరిదని అడిగారు. సూటిగా చెప్తాను. వెర్షన్ పోవడం మీ తప్పు కాదు. స్టోరేజీ నిండి ఆగిపోయిన ఫోన్‌ని కంప్యూటర్‌తో లేపాలంటే అప్‌డేట్ నొక్కినా, రీస్టోర్ నొక్కినా చేరేది 18కే. డేటా పోవడంలో మాత్రం మీ తొందర కొంత ఉంది. రికవరీలో ఐట్యూన్స్ రెండు బటన్లు చూపిస్తుంది. అప్‌డేట్ డేటాని ఉంచి సిస్టమ్‌ని మాత్రమే మారుస్తుంది, రీస్టోర్ అంతా చెరిపేస్తుంది. ముందు అప్‌డేట్ నొక్కాల్సింది. నొక్కినా డేటా మిగిలేదని గట్టిగా చెప్పలేం, ఎందుకంటే స్టోరేజీ నిండిన ఫోన్లలో అప్‌డేట్ సగంలో ఆగి 14 నంబరు ఎర్రర్ ఇవ్వడం మామూలే. ఇంకోసారి ఎవరికైనా చేయాల్సి వస్తే: వాల్యూమ్ అప్ ఒకసారి, వాల్యూమ్ డౌన్ ఒకసారి, తర్వాత సైడ్ బటన్‌ని కేబుల్ బొమ్మ వచ్చేదాకా వదలకుండా నొక్కాలి, అప్‌డేట్ ఎంచుకోవాలి. డౌన్‌లోడ్ 15 నిమిషాలు దాటితే ఫోన్ రికవరీలోంచి బయటికొచ్చేస్తుంది, కంగారు పడి రీస్టోర్ నొక్కకుండా, డౌన్‌లోడ్ పూర్తయ్యాక మళ్లీ అదే వరస చేయాలి.

చెరిగిన రికార్డింగుల గురించి ఆశ పెంచలేను. ఐఫోన్‌లో డేటా ఎప్పుడూ గుప్తంగానే ఉంటుంది, రీస్టోర్ ముందుగా చెరిపేది దాన్ని తెరిచే కీలనే. కీ పోయాక మెమరీ చిప్ ఊడదీసి చదివినా అర్థం లేని అక్షరాలే వస్తాయి. డేటా రికవరీ అని ఎవరైనా డబ్బడిగితే అక్కడా ఇవ్వకండి. వెతకాల్సింది ఫోన్ బయట. బావ ఎప్పుడైనా రికార్డింగుల్ని వాట్సాప్‌లో గుమస్తాకో ఆడిటర్‌కో పంపారేమో, వాళ్ల ఫోన్లలో ఉంటాయి. ఐక్లౌడ్ డ్రైవ్ చూడండి. ఆయన ఆఫీసు కంప్యూటర్‌లో ఎప్పుడైనా ఐట్యూన్స్ బ్యాకప్ తీసి ఉంటే యాప్‌డేటా, రోమింగ్, యాపిల్ కంప్యూటర్, మొబైల్‌సింక్, బ్యాకప్ అనే వరసలో ఫోల్డర్ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి పెట్టిన ఐట్యూన్స్ అయితే యూజర్ ఫోల్డర్‌లోనే యాపిల్ అన్న ఫోల్డర్ కింద ఉంటుంది. పాత వెర్షన్ బ్యాకప్‌ని 18లోకి ఎక్కించుకోవచ్చు. ట్వీక్ తన ఫైళ్లను బ్యాకప్‌లోకి వెళ్లే చోట పెట్టిందా లేదా అన్నది ట్వీక్‌ని బట్టి ఉంటుంది కాబట్టి, ఎక్కించే ముందు ఆ ఫోల్డర్‌ని కాపీ చేసి పక్కన పెట్టుకోండి.

ఇక ముందున్న దారులు.

ఉన్న ఫోన్‌తోనే పని జరిగే దారి ఒకటుంది, అది మీ ఇద్దరి దృష్టికీ వచ్చినట్టు లేదు. 2024 అక్టోబరులో వచ్చిన ఐఓఎస్ 18.1 నుంచి కాల్ రికార్డింగ్ ఫోన్‌లోనే ఉంది, ఎక్స్ఆర్‌లో కూడా. సెట్టింగ్స్‌లో యాప్స్, ఫోన్, కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. కాల్ నడుస్తుండగా పైన ఎడమ మూల ఉన్న గుర్తు నొక్కితే మొదలవుతుంది, ఆడియో నోట్స్ యాప్‌లో చేరుతుంది. మాటల్ని అక్షరాల్లోకి మార్చే సౌకర్యం ఎక్స్ఆర్‌లో రాదు, ఆడియో మాత్రమే. వాట్సాప్ కాల్స్‌కి పనిచేయదు. బావకు ఇబ్బందిగా అనిపించేది ఇంకొకటి: రికార్డింగ్ మొదలవుతోందని అవతలివాళ్లకూ వినిపించేలా ఫోన్ గట్టిగా చెప్తుంది, దాన్ని ఆపే వీల్లేదు. మొదట్లో కొందరు బోటు యజమానులు నొచ్చుకోవచ్చు. కానీ తగాదా వచ్చిన రోజున, ఇద్దరికీ తెలిసి జరిగిన రికార్డింగ్‌ని కాదనడం కష్టం. దొంగచాటుగా తీసినదాన్ని బయటపెడితే ఆ యజమానితో వ్యాపారమే చెడుతుంది.

అది కుదరదంటే, వ్యాపారం సిమ్‌ని ఇంకో ఫోన్‌లోకి మార్చడం. ఇక్కడ అమ్మే శాంసంగ్ ఫోన్లలో చాలావాటికి డయలర్‌లోనే కాల్ రికార్డింగ్ ఉంటుంది, అన్ని కాల్స్‌నీ దానంతట అదే రికార్డ్ చేసేలా పెట్టుకోవచ్చు. కొత్త ఐఫోన్ కొనిపెట్టే ఖర్చుతో పోలిస్తే మామూలు ధర శాంసంగ్ మీకు చాలా తేలిక. నష్టం రెండు ఫోన్లు మోయడమే. కొనే ముందు షాపులోనే మీ నంబరుకి ఒక కాల్ చేసి రికార్డ్ అవుతోందో లేదో చూసుకోండి.

జైల్‌బ్రేకే కావాలని బావ పట్టుబడితే మళ్లీ ఎక్స్ఆర్ లాంటి ఫోన్ కొనడం మంచిది కాదు. పాత వెర్షన్‌లో ఉన్న ఎక్స్ఆర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా, స్టోరేజీ నిండి ఆగిపోతే మళ్లీ ఇదే కథ. ఐఫోన్ 8 గానీ ఎక్స్ గానీ చూడండి. వాటిలో ఉన్న ఏ11 చిప్ బూట్‌రామ్‌లోనే లోపం ఉంది, 2019 సెప్టెంబరులో చెక్‌ఎం8 పేరుతో బయటపడింది. బూట్‌రామ్‌ని మార్చలేరని పైన చెప్పుకున్నాం కదా, కాబట్టి ఆ లోపాన్ని ఏ అప్‌డేటూ పూడ్చలేదు. ఎన్నిసార్లు రీస్టోర్ చేసినా, సంతకం దొరికే చివరి 16.7 వరస వెర్షన్ మీదే పాలెరెయిన్ అనే టూల్‌తో మళ్లీ జైల్‌బ్రేక్ చేసుకోవచ్చు. సంతకం గొడవ లేకుండా బతికే దారి ఇదొక్కటే.

దానికీ ఖరీదుంది. ఏ11లో 16 మీద చేయాలంటే రీస్టోర్ చేసినప్పటి నుంచీ ఒక్కసారి కూడా పాస్‌కోడ్ పెట్టి ఉండకూడదు, అంటే హార్బర్ రద్దీలో తాళం లేని ఫోన్ జేబులో పెట్టుకుని తిరగాలి. ఆఫ్ అయి ఆన్ అయిన ప్రతిసారీ జైల్‌బ్రేక్ కోసం కంప్యూటర్ కావాలి, అదీ మ్యాక్ గానీ లినక్స్ గానీ. మీ విండోస్ లాప్‌టాప్‌ని లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయాలి. ఏఎండీ ప్రాసెసర్ అయితే జైల్‌బ్రేక్ సరిగా పట్టక విసిగిస్తుంది, ఇంటెల్‌ది అరువు తెచ్చుకోండి. టైప్ సీ కేబుల్‌తో ఫోన్ డీఎఫ్‌యూలోకి (బూట్‌రామ్ దగ్గరే ఆగి ఉండే స్థితిలోకి) వెళ్లకుండా మొరాయిస్తుంది, పాత వెడల్పాటి యూఎస్‌బీ పిన్ను ఉన్న కేబుల్ వాడండి. సైడ్, వాల్యూమ్ డౌన్ రెండూ 4 సెకన్లు పట్టుకుని, సైడ్ వదిలేసి, వాల్యూమ్ డౌన్‌ని ఇంకో 10 సెకన్లు పట్టుకోవాలి. తెర నల్లగా ఉండిపోతే సరిగా వెళ్లినట్టు, యాపిల్ గుర్తు వస్తే మళ్లీ మొదటికి. బావ వాడే ట్వీక్ ఆ వెర్షన్ మీద నడుస్తుందో లేదో ఫోన్ కొనకముందే ఆ ట్వీక్ పేజీలో చూసుకోండి. చాలా బ్యాంకు యాప్‌లు జైల్‌బ్రేక్ ఫోన్‌లో తెరుచుకోవు. తెరుచుకున్నా, పాస్‌కోడ్ లేని ఫోన్‌లో యూపీఐ పెట్టనివ్వకండి.

ఇప్పుడు బావ. రెండు వారాలుగా మీరు ఆయనకు వెర్షన్ల గురించి చెప్పి ఉంటారు, ఆయనకు వినిపించి ఉండదు. నాకు లెక్కలు పోయాయి అని ఆయన అంటుంటే మీరు ఫైల్ ఎక్కట్లేదు అంటున్నారు. ముందు రికార్డింగుల గురించి మాట్లాడండి. "బావా, అప్‌డేట్ నొక్కాల్సింది, రీస్టోర్ నొక్కాను, అది నా పొరపాటు. అవి ఫోన్‌లోంచి తిరిగి రావు. బయట ఎక్కడెక్కడ ఉండొచ్చో ఈ ఆదివారం కూర్చుని వెతుకుదాం" అనండి. ఫోన్ కొనిపెట్టాలా అన్నది ఆ తర్వాతి మాట. పాడైన ఫోన్‌ని అర్ధరాత్రి లేపి ఇచ్చినవాడి మీద పూర్తి ఖర్చు వేయడం న్యాయం కాదు. ఆ మాట మీరంటే తగాదా అవుతుంది, అక్క చెప్తే ఆయన వినొచ్చు, కానీ దానికోసం అక్కని రాయబారిగా పంపకండి. సగం ఖర్చు పెట్టుకుని సెకండ్‌హ్యాండ్ శాంసంగ్ ఇప్పించడం మీకు భారం కాకపోతే ఆ సంగతి మీరే చెప్పండి.

నిషేధం మొదలయ్యేలోపు ఇంకో పని చేయించండి. ఏయే బోటుతో ఎంత లెక్క ఉందో బావకు గుర్తున్నంతవరకు ఒక్కో యజమానికి వాట్సాప్‌లో రాసి పంపమనండి: ఫలానా తేదీ, వంజరం ఇన్ని కిలోలు, ఇంత రేటు, ఇంత బాకీ, సరిచూసి చెప్పండి అని. ఎక్కువమంది సరేనని జవాబిస్తారు, ఆ జవాబే రుజువు. ఎవరు కాదంటారో రెండు నెలల ముందే తెలిసిపోతుంది. ఇకముందు కూడా ప్రతి కాల్ తర్వాత ఇలాంటి ఒక్క లైను పంపడం అలవాటైతే రికార్డింగ్ మీద ఆధారపడటం సగానికి తగ్గుతుంది.

ఆదివారం వెళ్లినప్పుడు ఎక్స్ఆర్‌లో కనీసం 10 జీబీ ఖాళీ ఉండేలా పాత వీడియోలు తీసేయండి, ఐట్యూన్స్ బ్యాకప్ ఒకటి తీయండి. తర్వాత బావ ఫోన్ నుంచి మీ నంబరుకి ఆయన చేతనే కాల్ చేయించి, రికార్డ్ ఎక్కడ నొక్కాలో చూపించండి. ఓ నిమిషం చేపల రేట్లే మాట్లాడి, పెట్టేసి, నోట్స్ తెరిచి వినిపించండి. ఆ ప్రకటన ఎలా వినిపిస్తుందో, తన యజమానులు దానికి ఏమంటారో ఆయనకే తెలుస్తుంది. వద్దంటే అప్పుడు శాంసంగ్ మాట ఎత్తండి.